ఆళ్లగడ్డ ప్రయాణం: లాడ్జి మంట, శిల్పి చలవ

ఆళ్లగడ్డలో రాత్రి ఉండాల్సి వస్తే, గదిలో దిగకముందే రేటు కాగితం మీద రాయించుకోండి. మాకు ఫోన్లో 1,400 అన్నారు. బ్యాగులు లోపల పెట్టాక శనివారం, అహోబిలం రద్దీ అంటూ 1,900 వసూలు చేశారు. ఏసీ ఉంది, రిమోట్ లేదు. వేడినీళ్లు బకెట్‌కు 40. అడిగితే కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "ఈ డబ్బుకు నంద్యాలలో మంచి గది దొరికేది" అని మా ఆవిడ తెల్లారేదాకా సణిగింది. ఆమె మాటే నిజం.

కర్నూలు నుంచి బస్సు మాత్రం హాయిగా సాగింది. ఎక్స్‌ప్రెస్‌లో స్త్రీశక్తి కింద ఆవిడకు, అమ్మాయికి ఉచితం. నాకు 175. పొద్దున ఉగ్గాని బజ్జీ 40, కడుపు నిండింది.

మేం వెళ్లిందే అమ్మాయి కోసం. ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది, కాస్ బొమ్మలంటే ప్రాణం. కాస్ అసలు పేరు బ్రయాన్ డోన్నెలీ, అమెరికన్ కళాకారుడు. 1999లో చిన్న వినైల్ బొమ్మగా తెచ్చిన 'కంపానియన్'ను తర్వాత భారీ శిల్పాలుగా పెంచాడు. 2019లో హాంకాంగ్ హార్బర్‌లో 37 మీటర్ల కంపానియన్ నీళ్లమీద వెల్లకిలా తేలింది. మిక్కీ మౌస్ లాంటి ఒళ్లు, పుర్రె తల, కళ్లున్నచోట ఇంటూ గుర్తులు. ఒక శిల్పంలో రెండు చేతులతో ముఖం కప్పుకుని కూర్చుని ఉంటాడు. అది చూసే మా అమ్మాయి సొంతంగా ఒక బొమ్మ గీసుకుంది: పరీక్ష తప్పిన పిల్లవాడు. వాణ్ని రాతిలో చూడాలని ఆశ, అందుకే రాతిశిల్పులున్న ఆళ్లగడ్డకు వచ్చాం.

రెండు శిల్పశాలల్లో "దేవుడి పనే చేస్తాం" అని పంపేశారు. మూడోచోట పెద్దాయన, ఆచారిగారు, గ్రైండర్ ఆపి, చేతులు తుడుచుకుని కాగితం అందుకున్నారు.

"కండ్లు లేవు కదమ్మా, వీడు ఏడుస్తాండాడని యాడ తెలుస్తాది?"

అమ్మాయి తడబడింది. ఆయన సుద్దముక్కతో నేలబండ మీద గీయడం మొదలుపెట్టారు. భుజాలు కిందికి జార్చారు, మెడ ముందుకు వంచారు, మోకాళ్లు లోపలికి తిప్పారు. అంతే, ముఖమే కనపడని ఆ పిల్లవాడు కుమిలిపోతున్నాడు! నా గొంతు పట్టేసింది. "వేళ్ల మధ్య కొంచెం సందు పెడదాం, అందులోంచి మనల్ని చూస్తాండాడేమో అనిపించాల" అన్నారు.

తాళమానం, అంటే శిల్పాల కొలతల లెక్క కూడా చెప్పారు. చాలామంది దేవుళ్లకు నవతాళం, అంటే ముఖం పొడవుకు తొమ్మిది రెట్లు ఎత్తు. వినాయకుడికి పంచతాళం. "మీ బొమ్మకు మూడే వచ్చింది పాపా, అందుకే చంటిబిడ్డ మాదిరి జాలిగా ఉండాడు." కార్టూన్ బొమ్మ శిల్పమెట్లా అవుతుందని తేలిగ్గా తీసేసేవాళ్లు ఈయన దగ్గర ఒక్క గంట కూర్చోవాలి.

కృష్ణశిలలో ఒకటిన్నర అడుగు బొమ్మకు 16,000. బేరమాడలేదు, ఆడాలనిపించలేదు. అడ్వాన్స్ 5,000కు చేతిరాత రసీదు ఇచ్చారు. గడువు 45 రోజులు, పార్సిల్ ఖర్చు మనదే. అహోబిలం దర్శనం ప్రశాంతంగా జరిగింది.

మీరూ ఇలాంటి పని చేయించుకోవాలంటే ముందు, పక్క, వెనక మూడు వైపులా గీసుకుని వెళ్లండి. ఆచారిగారు మమ్మల్ని గట్టిగా అడిగింది వీపువైపు బొమ్మే; ఏడ్చేవాడి బాధ వీపులోనే ఎక్కువ తెలుస్తుందట. తిరుగు బస్సు నంద్యాల చేరకముందే అమ్మాయి అది గీసి ఆయనకు వాట్సాప్ చేసేసింది.