కీయా డీహెచ్‌సీపీ సర్వర్: చాలా వీల్యాన్‌ల మీద చాన్నాళ్లు వాడాక

నెట్‌వర్క్‌లో చేరిన ప్రతి పరికరానికీ ఐపీ అడ్రస్ ఇచ్చేది డీహెచ్‌సీపీ సర్వర్. ఐఎస్‌సీ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ల పాత డీహెచ్‌సీపీ సర్వర్‌కి 2022తో మద్దతు ఆగిపోయింది. దాని స్థానంలో వాళ్లే ఇస్తున్నది కీయా. ఆఫీసు, ల్యాబులు, హాస్టల్ వైఫై, సీసీ కెమెరాలు తలో వీల్యాన్‌లో (అవే స్విచ్‌ల మీద విడదీసిన వేరు నెట్‌వర్క్) ఉండే క్యాంపస్‌లో దీన్ని వాడుతున్నాను. సర్వర్ గట్టిదే. తలనొప్పులు చాలావరకు దాని బయటే పుడతాయి.

కాన్ఫిగరేషన్ అంతా జేసన్ అనే, బ్రాకెట్లతో రాసే టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉంటుంది. ఒక్క బ్రాకెట్ మూయడం మరిచినా సర్వీసు లేవదు, అందుకే రీస్టార్ట్‌కి ముందు ‘కీయా-డీహెచ్‌సీపీ4’ని ‘-టీ’ ఆప్షన్‌తో నడిపి ఫైలు సరిచూసుకోవాలి. ప్రతి సబ్‌నెట్‌కీ (ఒక వీల్యాన్‌కి కేటాయించిన ఐపీల వరస) ఒక ఐడీ ఉంటుంది. అక్కడ వీల్యాన్ నంబరే పెట్టేయండి: వీల్యాన్ 30కి ఐడీ 30, సబ్‌నెట్ 10.20.30.0/24, పూల్ (పంచే ఐపీలు) చివరి అంకె 50 నుంచి 240 వరకు. లీజులు (పరికరాలకి గడువుతో ఇచ్చిన ఐపీలు) ఈ ఐడీతోనే నమోదవుతాయి కాబట్టి తర్వాత దాన్ని కదపకూడదు. డీఎన్‌ఎస్ (పేర్లని ఐపీలుగా మార్చే సర్వర్) అందరికీ ఒకటే అయితే పైన గ్లోబల్‌లో రాయొచ్చు. గేట్‌వే (సబ్‌నెట్ బయటికి దారి ఇచ్చే అడ్రస్) మాత్రం ఏ సబ్‌నెట్‌ది ఆ సబ్‌నెట్ లోపలే రాయాలి. దాన్ని పైన రాస్తే అన్ని వీల్యాన్‌లకీ ఒకే గేట్‌వే పోతుంది. ఐపీ వస్తుంది, నెట్ రాదు.

ఇక రిలే. క్లయింటు (ఐపీ అడిగే పరికరం) తన వీల్యాన్‌లో అందరికీ వినిపించేలా బ్రాడ్‌కాస్ట్ చేసే రిక్వెస్టు ఆ వీల్యాన్ దాటదు, దాన్ని అందుకుని సర్వర్‌కి చేర్చేదే రిలే. సిస్కో ఎల్3 స్విచ్‌లో (వీల్యాన్‌ల మధ్య రూటింగ్ కూడా చేసేది) ఒక్కో వీల్యాన్ ఇంటర్‌ఫేస్ కింద ‘ఐపీ హెల్పర్-అడ్రస్’ ఇచ్చి సర్వర్ ఐపీ రాస్తే, స్విచ్ తన ఇంటర్‌ఫేస్ అడ్రస్‌ని జీఐ-యాడర్ (రిలే అడ్రస్) గడిలో నింపి రిక్వెస్టు పంపుతుంది. కీయా ఆ అడ్రస్ చూసే సబ్‌నెట్ ఎంచుకుంటుంది. అది ఏ సబ్‌నెట్‌లోనూ పడకపోతే లాగ్‌లో సబ్‌నెట్ ఎంపిక విఫలమైందని కనిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ మీద సెకండరీ ఐపీ ఉన్నా మామూలుగా వెళ్లేది ప్రైమరీయే. రెండో సబ్‌నెట్ నుంచి కూడా ఐపీలు ఇవ్వాలంటే రెంటినీ ‘షేర్డ్-నెట్‌వర్క్స్’ కింద కలిపి కట్టాలి.

జవాబు కూడా ఆ జీఐ-యాడర్‌కే తిరిగి వెళ్తుంది. సర్వర్‌కి ఆ సబ్‌నెట్ వైపు రూటు లేకపోతే టీసీపీడంప్‌లో (ప్యాకెట్లు చూపించే టూల్) క్లయింటు అడిగే డిస్కవర్ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది, సర్వర్ జవాబైన ఆఫర్ మాత్రం క్లయింటుకి చేరదు.

అన్నిటికంటే మోసం చేసేది రెన్యూవల్, అంటే లీజు పొడిగింపు. మొదటిసారి ఐపీ రిలే ద్వారా వస్తుంది కాబట్టి టెస్టింగ్‌లో అంతా సవ్యంగా ఉంటుంది. లీజులో సగం గడిచాక క్లయింటు రిలేని వదిలేసి నేరుగా సర్వర్‌కే యూనికాస్ట్ పంపుతుంది. ఫైర్‌వాల్‌లో రిలే అడ్రస్‌కి మాత్రమే యూడీపీ 67 (డీహెచ్‌సీపీ సర్వర్ పోర్టు) తెరిచి ఉంటే అది అక్కడే ఆగిపోతుంది. లీజులో 87.5 శాతం దగ్గర క్లయింటు మళ్లీ బ్రాడ్‌కాస్ట్ చేయగానే రిలే దాన్ని అందుకుంటుంది, పని జరిగిపోతుంది. ఎవరూ ఫిర్యాదు చేయరు, ఫైర్‌వాల్ లాగ్ మాత్రం నిండుతూ పోతుంది. క్లయింటు సబ్‌నెట్‌ల నుంచి కూడా సర్వర్ 67కి దారి ఇవ్వాలి.

హాస్టల్ వైఫైకి /24 సైజు సబ్‌నెట్ చాలదు, దానికి రెట్టింపైన /23 పెట్టి లీజు గంటకో రెండు గంటలకో కుదించాలి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకి ఒక్కో మ్యాక్ (పరికరాన్ని గుర్తించే అడ్రస్) చూపిస్తాయి. ఒకే వీల్యాన్ మీద రెండు పేర్లు నడిపితే ఒక్క ఫోనే రెండు ఐపీలు తినేస్తుంది. రిజర్వేషన్‌కి (ఒక పరికరానికి ఎప్పుడూ ఒకే ఐపీ ఇవ్వడానికి) కూడా ఫోను సెట్టింగ్స్‌లోని అసలు మ్యాక్ పనికిరాదు, ఆ నెట్‌వర్క్‌కి చూపిస్తున్నదే రాయాలి.

రెండు సర్వర్లతో హాట్-స్టాండ్‌బై (ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉండే పద్ధతి) బాగా నడుస్తుంది, రెంటి గడియారాలూ కలిసి ఉన్నంతవరకే. తేడా 30 సెకన్లు దాటితే హెచ్చరిస్తుంది, 60 దాటితే జోడీ విడిపోతుంది. ఎన్‌టీపీ (గడియారాలు కలిపే సేవ) లేకుండా దీని జోలికి పోవద్దు. 2025లో వచ్చిన కీయా 3.0తో ఇదివరకు డబ్బు కట్టాల్సిన హుక్స్‌లో (అదనపు ప్లగిన్లు) చాలావరకు ఉచితమయ్యాయి, అది పెద్ద ఊరట.

రెండు మూడు సబ్‌నెట్‌లే ఉన్న చిన్న ఆఫీసుకి ఇంత సరంజామా దండగ. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న సర్వర్ చాలు, రిలే మీదుగా వచ్చే రేంజ్‌కి నెట్‌మాస్క్ (సబ్‌నెట్ సైజు) విడిగా రాయడం మరవకపోతే.