1,900 గంటలు తిరిగాక: చీనీ తోటలో నా 24 హెచ్‌పీ బండి

ఆరేళ్ల కిందట ఈ బండిని ఇంటికి తెచ్చిన రోజు మా పెదనాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ట్రాక్టరేనా, పిల్లోళ్లు ఆడుకునేదా?" అన్నాడు. పక్కనే ఉన్న ఆయన 45 హెచ్‌పీ బండి ముందు అది నిజంగానే దూడలా ఉంది. ఇప్పుడు దాని గంటల మీటర్ 1,900 దాటింది. ఈలోపు ఏం చెడింది, ఏం చెడలేదు, మళ్లీ కొనాల్సొస్తే ఏం చూసుకుంటాను అన్నది రాస్తున్నాను. ఏ కంపెనీదో మాత్రం చెప్పను. పేరు రాస్తే సగం మంది ప్రచారం అంటారు, మిగతా సగం కక్ష అంటారు. పైగా చుట్టుపక్కల తోటల్లో వేరే కంపెనీల చిన్న బండ్లు చూశాక, ఈ సైజు వాటికి వచ్చే జబ్బులు చాలావరకు ఒకటేనని అర్థమైంది.

మాది అనంతపురం జిల్లా. ఆరెకరాల చీనీ (బత్తాయి) తోట, పక్కన రెండెకరాల మెట్టలో వేరుశనగ, కంది. చీనీ చెట్లు ఇరవై అడుగుల ఎడంతో నాటాం. నాటిన కొత్తలో ఎంత పెద్ద ట్రాక్టరైనా తిరిగేది. ఎనిమిదేళ్లకు కొమ్మలు రెండు వైపులా విచ్చుకుని మధ్యలో ఏడడుగులు కూడా మిగల్లేదు. బాడుగకు పిలిచిన పెద్ద బండి తిరిగిన ప్రతిసారీ కాయ రాలేది, కొమ్మ చీలేది. అంతకన్నా పెద్ద నష్టం మట్టిలో జరిగేది. చీనీకి నీళ్లూ ఎరువూ తాగే సన్న వేర్లు పైపైనే ఉంటాయి. పెద్ద కల్టివేటర్ లోతుగా దిగితే అవి తెగుతాయి, ఆ గాయాల దగ్గర వేరుకుళ్లు మొదలవుతుంది. ఒక సంవత్సరం నాలుగు చెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే ఎండిపోయాక, ఇక బాడుగ బండిని తోటలోకి రానివ్వకూడదనుకున్నాను.

మొదట 15 హెచ్‌పీ బండ్లు చూశాను. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 రెండూ ఆ తరగతివే, రెండిటికీ ఒకటే సిలిండర్. ధర తక్కువ, చూసుకోవడం సులువు. రెండెకరాల్లో కూరగాయలు పెట్టే రైతుకు అంతకు మించి అక్కర్లేదని ఇప్పటికీ అంటాను. నాకు మాత్రం మట్టిని తిప్పి గడ్డి చంపే రోటవేటర్‌తో పాటు మందు కొట్టే పంపు కూడా ఈ బండి మీదే నడవాలి. నేల ఎర్ర గరుసు, అక్కడక్కడా రాళ్లు. అందుకని నాలుగు చక్రాలూ లాగే 24 హెచ్‌పీ బండికి వెళ్లాను. రోటవేటర్‌తో కలిపి అప్పట్లో ఐదున్నర లక్షలు దాటింది. ఇప్పుడు కొనేవాళ్లకు ఒక మేలు జరిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. ఐదు లక్షల అసలు ధర మీద అది 35 వేల తేడా.

షోరూంలో గట్టిగా వినిపించే మాట హెచ్‌పీ. అది ఇంజన్ లెక్క. రోటవేటర్‌ను తిప్పేది వెనక ఉండే పీటీఓ, అంటే ఇంజన్ బలాన్ని పనిముట్టుకు అందించే షాఫ్టు, అక్కడికి చేరేసరికి రెండు మూడు హెచ్‌పీ తగ్గుతుంది. బ్రోచర్‌లో ఆ రెండో అంకె ఎక్కడుందో వెతికి చూడండి. సేల్స్ కుర్రాడు నాకు నాలుగున్నర అడుగుల రోటవేటర్ అంటగట్టాలని చూశాడు. నేను నాలుగడుగులదే తీసుకున్నాను. అదీ మా గరుసు నేలలో వేసవి వాన పడకముందు వేస్తే ఇంజన్ గొంతు మారిపోతుంది. మూడున్నర తీసుకున్నా నష్టం ఉండేది కాదు.

కొనేముందు నేను చేసిన మంచి పని ఒకటుంది. డెమోకు పొద్దున వస్తామన్నారు, నేను మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నాను. మే నెల ఎండలో, మా తోటలోనే, రెండు గంటలు ఆపకుండా రోటవేటర్ వేయించాను. టెంపరేచర్ ముల్లు ఎక్కడిదాకా వెళ్తుందో చూశాను. సాలు చివర ఎంత జాగాలో తిరుగుతుందో అడుగులతో కొలిచాను. పొగగొట్టం బానెట్ మీద నిలువుగా ఉందా, కిందికి ఉందా అన్నది కూడా తోట రైతుకు ముఖ్యం. నిలువు గొట్టం కొమ్మలకు తగులుతుంది, లేత ఆకును కాలుస్తుంది. నాది కిందికే ఉంది.

చేయని పని ఒకటుంది, దానికి తర్వాత మూల్యం చెల్లించాను. అదేమిటో కింద చెబుతాను.

బండి కొన్నప్పటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ఎన్ని రిపేర్లు వచ్చాయన్నది కాదు, పని ఉన్న రోజుల్లో బండి ఎన్ని రోజులు కదలకుండా పడి ఉందన్నదే అందులో రాసుకుంటాను. డిసెంబర్‌లో వారం రోజులు పడున్నా నాకు ఏమీ కాదు. జూన్‌లో వాన పడి గడ్డి లేచినప్పుడు మూడు రోజులు ఆగితే ఆ గడ్డి మోకాలెత్తు అవుతుంది. ఈ లెక్కన ఆరేళ్లలో మొత్తం 23 రోజులు. అందులో 14 రోజులు ఒక్క ఆయిల్ సీల్ కోసం.

అదెలా జరిగిందంటే, నాలుగు చక్రాలూ లాగే చిన్న బండికి ముందు చక్రాల దగ్గర గేర్లుంటాయి, అవి ఆయిల్‌లో తిరుగుతాయి. ఆ ఆయిల్‌ను పట్టి ఉంచేది సీల్. తోటలో ఎండు గడ్డి, గోనెసంచి దారాలు, తెగిపోయిన డ్రిప్ పైపు ముక్కలు చక్రం లోపలి వైపు చుట్టుకుని, తిరిగీ తిరిగీ సీల్‌ను కోసేస్తాయి. 700 గంటల దగ్గర ఎడమ చక్రం రిమ్ము మీద నూనె మరక కనబడింది. దుమ్ము అంటుకుందిలే అనుకున్నాను. పది రోజులకు కారడం మొదలైంది. డీలర్ దగ్గరికి వెళ్తే స్టాక్ లేదన్నారు, రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అంటూ రెండు వారాలు తిప్పారు. వారంటీ అడిగితే అరిగిపోయే సామానుకు వర్తించదన్నారు. ఆ సీల్ ధర వెయ్యి రూపాయల లోపే. దాని కోసం జూన్‌లో పద్నాలుగు రోజులు పోయాయి, కూలీలతో గడ్డి తీయించడానికి పెట్టిన ఖర్చుతో అలాంటి సీళ్లు ఇరవై వచ్చేవి.

కొనేముందు నేను చేయని పని ఇదే. షోరూంలో బండి చుట్టూ తిరిగాను గానీ, స్పేర్ పార్టుల కౌంటర్ దగ్గరికి వెళ్లి "ఈ మోడల్‌కు క్లచ్ ప్లేట్, ముందు యాక్సిల్ సీల్, ఎయిర్ ఫిల్టర్ ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయా? ఉంటే చూపించండి" అని అడగలేదు. పెద్ద బండి సామాను ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది, ఒక కంపెనీది కాకపోతే ఇంకో కంపెనీ తయారీదైనా దొరుకుతుంది. చిన్న బండి సామాను అలా దొరకదు. మా ఊరి మెకానిక్ ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్లు విప్పుతున్నాడు, ఆయన కూడా మొదటిసారి దీని ముందు కూర్చుని, "పనిదేముందన్నా, చేస్తా. సామాను తెచ్చియ్యి" అన్నాడు. ఇప్పుడు రెండు సెట్ల సీళ్లు, ఒక ఫ్యాన్ బెల్టు, ఫిల్టర్లు, రోటవేటర్ షియర్ బోల్టులు (రాయి తగిలితే ముందుగా తెగిపోయేవి) ఇంట్లోనే పెట్టుకున్నాను. రెండోసారి సీల్ పోయినప్పుడు అర్ధపూటలో పని అయిపోయింది.

క్లచ్ ప్లేట్ 1,300 గంటలకు మార్చాం. దానికి బండిని తప్పుపట్టను. మా తమ్ముడి కొడుకు చెట్ల మధ్య నడిపేటప్పుడు ఎడమ కాలు పెడల్ మీద పెట్టే ఉంచేవాడు. "అది కాలు పెట్టుకునే పీట కాదురా" అని ఎన్నిసార్లు చెప్పానో. ప్లేటు మార్చాలంటే బండిని నడుము దగ్గర రెండుగా విడగొట్టాలి, నాలుగు రోజులు, సామాను కూలీ కలిసి 14 వేలు. ఆ ముక్కలను చూసిన తర్వాత వాడి కాలు దానంతటదే కిందికి దిగింది.

వేడెక్కడం గురించి చాలామంది అడుగుతారు. మొదటి వేసవిలో నాకూ టెన్షన్ పెట్టింది. రేడియేటర్లో నీళ్లున్నాయి, బెల్టు బాగుంది, అయినా ముల్లు పైకి పోతోంది. చివరికి చూస్తే రేడియేటర్ రేకుల మధ్య గడ్డి గింజలు, ఎండాకు పొడి మెత్తి దిండులా తయారైంది. చిన్న బండి ముఖం నేలకు దగ్గరగా ఉంటుంది, గడ్డిలో దూరినప్పుడు ఆ చెత్తంతా పీల్చుకుంటుంది. ఇప్పుడు రోటవేటర్ పని ఉన్న రోజుల్లో సాయంత్రం జాలీ తీసి దులుపుతాను, వారానికోసారి కంప్రెసర్ గాలి లోపలి నుంచి బయటికి కొట్టిస్తాను. బయటి నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. ఇది మొదలుపెట్టాక ఆ ముల్లు మళ్లీ ఎర్ర గీత చూడలేదు.

ఇంజన్‌కు ఇంతవరకు పానా పెట్టలేదు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది, నల్లపొగ లేదు. కంపెనీ మొదటి సర్వీసు 50 గంటలకు, ఆ తర్వాత 250కి ఒకసారి చేయించమంది. మా దుమ్ముకు 250 ఎక్కువ అనిపించి నేను 200కే ఆయిల్, ఫిల్టర్ మారుస్తున్నాను. రోటవేటర్ వేస్తే గంటకు మూడు లీటర్ల చిల్లర డీజిల్ తాగుతుంది, మందు కొట్టేటప్పుడు రెండుకు కాస్త పైన. ఒకసారి మాత్రం సెల్ఫ్ అసలు తిరగలేదు. మెకానిక్ వచ్చి డ్యాష్‌బోర్డు విప్పితే ఎలుక సీటు కింద గూడు కట్టి వైర్లు కొరికేసింది. రెండు రోజులు ఆ ఎలుక ఖాతాలో రాశాను. మిగతా మూడు రోజులు బ్యాటరీ, ఒక హోస్ పైపు, ఒక పంక్చర్.

వెనక పనిముట్టును ఎత్తే లిఫ్ట్ విషయంలో కాగితాన్ని నమ్మొద్దు. నా బండి తరగతికి 750 కిలోలు అని రాసి ఉంటుంది. అది పనిముట్టు తగిలించే లింకుల కొన దగ్గర లెక్క. 400 లీటర్ల ట్యాంకున్న పంపు తగిలిస్తే బరువంతా ఆ కొన దాటి వెనక్కు పోతుంది. నిండు ట్యాంకుతో గట్టు ఎక్కుతుంటే ఒకసారి ముందు చక్రాలు నేల వదిలాయి. స్టీరింగ్ తిప్పుతున్నాను, బండి తిరగట్లేదు. క్లచ్ నొక్కి మెల్లగా వెనక్కు దింపాను గానీ, ఆ రోజు సాయంత్రం దాకా చేతులు వణికాయి. ముందు బంపర్‌కు బరువులు కట్టించాక, ట్యాంకు మూడొంతులే నింపడం మొదలుపెట్టాక మళ్లీ అలా కాలేదు. ట్రాలీ సంగతీ అంతే. టన్ను కాయ వేసి మట్టి రోడ్డు మీద లాగుతుంది, సందేహం లేదు. దిగుడులో ఆపాలంటే బండి బరువు చాలదు, ట్రాలీ వెనక నుంచి తోస్తుంది. మార్కెట్‌కు కాయ నేను దీనితో తోలను, ఆటో మాట్లాడుకుంటాను.

నాలుగు చక్రాల లాగుడు పొలంలో దేవుడిలాంటిది. తారు రోడ్డు ఎక్కగానే ఆ లివర్ తీసేయాలి. లేకపోతే ముందు టైర్లు రబ్బరు పెట్టి రుద్దినట్టు అరిగిపోతాయి. మావాడు రెండుసార్లు మర్చిపోయాడు, టైర్లు చూస్తేనే తెలుస్తుంది. మార్చేటప్పుడు కూడా దొరికిన సైజు వేసేస్తే కుదరదు. ముందు వెనక చక్రాలకు ఒక లెక్క ఉంటుంది, అది తప్పితే లోపల గేర్ల మీద భారం పడుతుంది.

మళ్లీ కొనాల్సొస్తే నేను అడిగేది ఒకటి అదనం. సాలు చివర గేరు మార్చకుండానే ముందుకూ వెనక్కూ పోయే షటిల్ లివర్ కావాలి. నా బండికి అది లేదు, రోజుకు వందసార్లు గేరు రాడ్ లాగుతుంటే భుజం పడిపోతుంది. మన జహీరాబాద్‌లో తయారై 2023లో వచ్చిన మహీంద్రా ఓజా బండ్లకు అలాంటిది ఉంది, తెలిసినవాళ్ల తోటలో అరగంట నడిపి చూశాను. అరగంటకు నమ్మకం గురించి ఏమీ తెలియదు, సుఖం గురించి మాత్రం తెలిసింది. ఎవరైనా కొత్త బండి ఎలా ఉందని నన్ను అడిగితే, వెయ్యి గంటలు దాటిన ఓనరు ఇంటికి వెళ్లి, ముందు చక్రాల లోపలి వైపు వేలు పెట్టి చూడమంటాను. అక్కడ నూనె ఉందో లేదో చూసి, ఆ తర్వాత ఆయన్ను మాట్లాడించమంటాను. డీలర్ ఇచ్చే ఓనర్ల నంబర్లు వద్దు, వాళ్లంతా డీలర్‌కు చుట్టాలే.

పోయిన నెల ఒకాయన వచ్చి రెండు లక్షల ఎనభై వేలకు అడిగాడు. పెదనాన్న అరుగు మీద కూర్చుని విన్నాడు, ఆయన బండి ఇప్పుడు దుక్కికి తప్ప బయటికి రావట్లేదు. "ఇచ్చేస్తావేంరా? మళ్లీ నా తోటలో గడ్డి ఎవడు తీస్తాడు?" అన్నాడు. ఇవ్వలేదు. ముందు టైర్లు రెండూ ఆర్డర్ పెట్టాను, వారమైంది, ఇంకా రాలేదు.