మాల్‌ఫంక్షన్ పాఠాలు: వీడియోలా, రిపోర్టులా, హార్నెస్సా?

స్కైడైవింగ్ లైసెన్స్ కొత్తగా చేతికొచ్చినవాళ్లలో చాలామంది ఖాళీ దొరికితే మాల్‌ఫంక్షన్ (పారాచూట్ సరిగ్గా తెరుచుకోకపోవడం) వీడియోలు చూస్తూ కూర్చుంటారు. మెలికపడ్డ లైన్లు (పారాచూట్ తాళ్లు), గిరగిరా తిరిగే కానోపీ (పారాచూట్ గుడ్డ), కటవే (చెడిన కానోపీని వదిలేయడం), ఆ వెంటనే విచ్చుకునే రిజర్వ్ (అదనపు పారాచూట్). చూడొద్దని అనను. కానీ ఇవే పాఠాలు నేర్పడానికి ప్రమాదాల రిపోర్టులున్నాయి, నేల మీద వేలాడదీసిన హార్నెస్‌లో (ఒంటికి కట్టుకునే పారాచూట్ పట్టీలు) చేసే ప్రాక్టీసూ ఉంది. మూడింటికీ సమానంగా టైం ఇవ్వలేకపోతే నా ఓటు హార్నెస్‌కే.

వీడియో బాగా నేర్పేది గుర్తుపట్టడం. స్లైడర్ (కానోపీ మెల్లగా తెరుచుకునేలా లైన్ల మీదుగా కిందికి జారే గుడ్డ ముక్క) సగంలో ఆగిపోతే ఎలా కనిపిస్తుందో, ఒక లైన్ పైకెక్కి కానోపీని ఎక్కడ నొక్కేస్తుందో, లైన్లలో ముడి పడితే ఏ పక్క ముడుచుకుంటుందో మాటల్లో ఎంత చెప్పినా అర్థం కాదు. చిక్కేమిటంటే, ఏదో జరగబోతోందని చూసేవాళ్లకి ముందే తెలుసు. గాల్లో ఉన్నవాళ్లకి తెలియదు. పైగా హెల్మెట్ కెమెరా వైడ్ లెన్స్‌లో నేల ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. వీడియోల్లో ఎక్కువగా కనిపించేది సీనియర్ల చిన్న కానోపీలు. వాటికి మెలిక పడితే గింగిరాలు మొదలైపోతాయి. కొత్తవాళ్ల పెద్ద కానోపీ చాలాసార్లు అదే మెలికతో తిన్నగానే ఎగురుతుంది. రైజర్లు (లైన్లని హార్నెస్‌కి కలిపే పట్టీలు) విడదీసి కాళ్లతో తన్నితే విప్పుకుంటుంది. ఆ వీడియోలు చూసి ప్రతి మెలికకీ బెదిరిపోవడం తప్పే, ఎలాగూ విప్పుకుంటుందిలే అని అల్టిమీటర్ చూడకుండా తన్నుతూ పోవడమూ తప్పే. చూడాలనుకుంటే కానోపీ తెరుచుకున్న క్షణంలో వీడియో ఆపండి. ఉంచుకోవాలా, వదిలేయాలా పైకి చెప్పండి. తర్వాత ప్లే చేసి, అందులో మనిషి నిర్ణయం తీసుకునేలోపు ఎన్ని సెకన్లు పోయాయో లెక్కపెట్టండి.

రిపోర్టుల్లో చూడాల్సింది ఆ సెకన్లనే. సమస్య ప్యాకింగ్‌లో మొదలైనా, ప్రాణం మీదికి తెచ్చింది ఆలస్యమేనని అవి మళ్లీ మళ్లీ చూపిస్తాయి. పొట్ట కిందికి పెట్టి పడేటప్పుడు వేగం గంటకు సుమారు 120 మైళ్లు, అంటే 1,000 అడుగులకి ఐదున్నర సెకన్లు. అమెరికా పారాచూట్ సంఘం యూఎస్‌పీఏ నియమం ప్రకారం విద్యార్థులూ, ‘A’ లైసెన్స్ (మొదటి స్థాయి) ఉన్నవాళ్లూ 3,000 అడుగులకి తగ్గకుండా తెరవాలి. 2,500 అడుగుల కల్లా నిర్ణయం తీసుకుని పని మొదలుపెట్టాలి. 3,000 దగ్గర లాగితే బ్యాగ్‌లాక్ (కానోపీ తన సంచిలోంచి బయటికి రాకపోవడం) అయిందనుకోండి, 2,500 చేరడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. మీనమేషాలు లెక్కపెట్టే టైం ఎక్కడుంది? 1,000 అడుగుల కింద కటవే చేయవద్దని కూడా వాళ్ల మాన్యువల్ చెబుతుంది.

ఏఏడీ (మనం లాగకపోతే తనంతట తానే రిజర్వ్ తెరిచే పరికరం) ఉందిగా అని కొందరు ధీమాగా ఉంటారు. ఎక్స్‌పర్ట్ సైప్రెస్ అనే ఏఏడీ పనిచేసేది సుమారు 750 అడుగుల దగ్గర, అదీ సెకనుకు 35 మీటర్లకి మించిన వేగంతో పడుతుంటేనే. సగం తెరుచుకున్న కానోపీ కింద ఆ వేగం ఉండకపోవచ్చు. అప్పుడది రిజర్వ్ తెరవదు.

రిపోర్టులతో వచ్చే ఒకే ఇబ్బంది, చదువుతున్నంతసేపూ ‘నేనైతే అలా చెయ్యను’ అనిపించడం.

హార్నెస్ ఆ భ్రమ పోగొడుతుంది. వేలాడదీయగానే బరువుకి పట్టీలు పైకి జరుగుతాయి, వాటితోపాటు హ్యాండిళ్లూ జరుగుతాయి. నిలబడి ప్రాక్టీసు చేసిన చెయ్యి పాత చోటే వెతుకుతుంది. కుడివైపు కటవే హ్యాండిల్ వెల్‌క్రోతో అతుక్కుని ఉంటుంది. ముందు దాన్ని ఊడదీయాలి, తర్వాత చెయ్యి పూర్తిగా చాచి లాగాలి. సగం లాగి ఆగితే కేబుల్ రింగుల లూపుల్లోంచి బయటికి రాదు. ఆపైన ఎడమవైపు రిజర్వ్ హ్యాండిల్. ఆర్‌ఎస్‌ఎల్ (కటవే చేయగానే రిజర్వ్‌ని తెరిచే పట్టీ) ఉన్నా సరే, చేత్తో లాగడం మానకూడదు. కళ్లతో చూడాలి, పట్టుకోవాలి, లాగాలి. ఇది వీడియో చూస్తే వచ్చేది కాదు, చేతికి అలవాటు కావాలి.

అయితే హార్నెస్ ప్రాక్టీసు ఊరికే తూతూమంత్రంగా చేస్తే దండగ. కోచ్ మీ తలపైన కానోపీ ఫోటో పట్టుకోవాలి, దాన్ని చెప్పకుండా మార్చాలి, మిమ్మల్ని గట్టిగా తిప్పాలి. అన్నీ చెడిపోయిన కానోపీల ఫోటోలే పెడితే చెయ్యి ప్రతిదానికీ లాగడం నేర్చుకుంటుంది. కానోపీ రెండు చివర్లలోని గాలి గదులు మూసుకుపోయినవి, స్లైడర్ కొంచెం పైన ఆగినవి కూడా కలపాలి. బ్రేకులు (కానోపీని తిప్పే తాళ్లు) విప్పి, రెండు చేతులూ కిందికి లాగి, కుడికీ ఎడమకీ తిప్పి చూసి ఉంచుకోగలిగినవి చాలా ఉంటాయి. బాగున్నదాన్ని వదిలేసి ఉన్న ఒక్క రిజర్వ్ వాడేసుకోవడం చిన్న తప్పేమీ కాదు.

నిజంగానే మాల్‌ఫంక్షన్ అయితే, వీడియో ఫ్రెండ్స్‌కి పంపేముందు సామాను రిగ్గర్ (పారాచూట్లు సరిచూసే నిపుణుడు) దగ్గరికి తీసుకెళ్లండి. పైలట్ చూట్ (ప్రధాన కానోపీని బయటికి లాగే చిన్న పారాచూట్) కాక్ చేశారా, అంటే పూర్తిగా విచ్చుకునేలా సిద్ధం చేశారా, రబ్బరు బ్యాండ్లలో లైన్లు సమానంగా ఉన్నాయా, బ్రేకులు రెండూ ఒకేలా అమర్చారా అని అడిగి చూడండి.

ఒక ప్రశ్న మాత్రం వేలాడేముందే తేల్చుకోవాలి. పైలట్ చూట్ బయటికి వచ్చి, కానోపీ ఉన్న బ్యాగ్ మాత్రం కంటైనర్‌లోనే (వీపు మీది ప్యాక్) ఉండిపోతే ఏం చేయాలి? నేరుగా రిజర్వ్ లాగేవాళ్లున్నారు, ముందు కటవే చేసి తర్వాత రిజర్వ్ లాగేవాళ్లూ ఉన్నారు. రెండింటికీ లాభనష్టాలున్నాయి. గాల్లో ఆ చర్చ పెట్టుకోలేరు కాబట్టి, మీ సామాను చూపించి కోచ్‌తో మాట్లాడి ఒకటి ఎంచుకోండి. హార్నెస్‌లో ప్రతిసారీ దాన్నే చేయండి.