టెలీ మానస్ 14416: ఫౌజీల ఇళ్ళల్లో ఈ నంబర్ ఉండాలి

మా నాన్న ఆర్మీలో 24 ఏళ్ళు చేసి హవల్దార్‌గా రిటైర్ అయ్యారు, ఇప్పుడు ఒక బ్యాంకులో గన్‌మ్యాన్. బీపీ, షుగర్ టాబ్లెట్ల కోసం మాజీ సైనికుల పాలిక్లినిక్‌కి ఒక్క నెల కూడా మిస్ అవ్వరు. అదే మనిషికి ఏడాదిగా రాత్రిళ్ళు నిద్ర లేదని అక్కడ ఎవ్వరికీ తెలీదు, వాళ్ళు అడగలేదు ఈయన చెప్పలేదు. సైకియాట్రిస్ట్ దగ్గరికెళ్దాం అన్నందుకు "నాకేమన్నా పిచ్చా" అని నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

సంక్రాంతి అయ్యాక ఒకరోజు పెన్షన్ కాగితాలు, పాస్‌బుక్కులు అన్నీ సర్ది ఏది ఎక్కడుందో అమ్మకి చెప్పడం మొదలుపెట్టారు. "ఇంక నా పనైపోయింది తల్లీ" అన్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, రాత్రి 11కి టెలీ మానస్‌కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేశా. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగు ఎంచుకోవచ్చు.

ఎత్తినావిడ నిదానంగా విని, చనిపోవాలనిపిస్తోందా అని మీరు అడిగారా అంది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని అడగలేదన్నా. అలా ఏం కాదమ్మా, సూటిగానే అడగండి అంది. తర్వాత ఇంట్లో తుపాకీ ఉందా అంది. నిజంగా నాకు ఆ ధ్యాసే లేదు, చిన్నప్పట్నుంచీ ఇంట్లో చూస్తున్న వస్తువు కదా! ఎలక్షన్లప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేస్తారు చూడండి, అలాగే కొన్నాళ్ళు బయట పెట్టించండి అని చెప్పింది.

ఆ రాత్రే నాన్నని సూటిగా అడిగా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశారు. తుపాకీ ఇచ్చేస్తే ఉద్యోగం పోతుందని గొడవపడ్డారు గానీ చివరికి మోకాళ్ళ నొప్పులని సెలవు పెట్టి తనే నాతో స్టేషన్‌కి వచ్చారు.

రెండ్రోజుల తర్వాత టెలీ మానస్ వాళ్ళే మళ్ళీ ఫోన్ చేసి ఎలా ఉన్నారని కనుక్కున్నారు. అది నాకు చాలా నచ్చింది. డాక్టర్‌కి చూపించమని గట్టిగా చెప్తే ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు పట్టుకుని పాలిక్లినిక్‌లో సైకియాట్రిస్ట్‌కి రిఫరల్ అడిగాం, వెంటనే రాసిచ్చారు, ఎంప్యానెల్డ్ హాస్పిటల్లో, అంటే ఆ పథకం జాబితాలో ఉన్న హాస్పిటల్లో, క్యాష్‌లెస్. ఇన్నేళ్ళూ ఉన్న సదుపాయమే అది, మోకాళ్ళకి వాడుకున్నాం గానీ మనసుకి వాడుకోవాలని తోచలేదు. ఇప్పుడు నాన్న ఆ సైకియాట్రిస్ట్‌ని "నిద్ర డాక్టరు" అంటారు, అననీ, వెళ్తున్నారు చాలు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే రిఫరల్ కోసం ఆగొద్దు, ఎమర్జెన్సీకి ఎంప్యానెల్డ్ హాస్పిటల్‌కి నేరుగా వెళ్ళొచ్చు. మనిషిని మాత్రం ఒంటరిగా వదలొద్దు.