నల్గొండ వృద్ధాశ్రమంలో అమ్మ: పగలు బాగనే ఉంది, రాత్రి సంగతే చెప్పాలె

మా అమ్మను నల్గొండ టౌన్ బయట ఒక ప్రైవేట్ వృద్ధాశ్రమంల ఉంచి రెండేండ్ల పైనే అయింది, ఇంకా అక్కడనే ఉంది. పేరు రాస్తలేను, మంచాన పడ్డ మనిషిని ఏ ఆశ్రమంల ఉంచినా చూడాల్సినవి ఇవే కాబట్టి. పగటిపూట సేవకు నేను మంచి మార్కులే ఇస్త, రాత్రి సేవకు ఇయ్యలేను. ఎందుకో వివరంగ రాస్తున్న, కొంచెం పొడుగైతది.

ముందు అమ్మ పరిస్థితి చెప్తె మిగిలింది అర్థమైతది. మాది మర్రిగూడ మండలం దిక్కు. ఆ ఏరియా తెలిసినోళ్లకు ఎక్కువ చెప్పే పని లేదు, నల్లాలకు కృష్ణా నీళ్లు రాకముందు ఏండ్లకేండ్లు బోరు నీళ్లే తాగినం. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితె తాగొద్దంటరు, మా దిక్కు బోర్లల్ల అంతకు మించే ఉండె. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నయి గానీ అప్పటికే బిగుసుకపోయిన ఎముకలు మళ్ల సాపు కావు కదా. అమ్మకు నడుం వంగింది, మెడ అటు ఇటు తిరగదు, దాని మీద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి కుడి కాలు పడిపోయినయి. నేను, నా భార్య ఇద్దరం డ్యూటీలకు పోయేటోళ్లమే, ఇంటికి పెట్టుకున్న కేర్ టేకర్లు ఎవ్వరూ నిలువలే. ఊర్లె ఇప్పటికీ "కన్నతల్లిని ఆశ్రమంల ఏసిండు" అంటనే ఉంటరు, అననియ్యి, ఆమెను ఒక్కదాన్నే పొద్దందాక ఇంట్ల వదిలి తాళమేసుకొని పోవుడు కంటె ఇది నయమని నేను గట్టిగ నమ్ముతున్న.

నెలకు 18,000 తీసుకుంటరు. డైపర్లు, మందులు, డాక్టర్ ఫీజు మనవే, అన్నీ కలిపితె పాతిక వేలకు దగ్గర పడతది.

మంచి నుంచి మొదలుపెడత. తిండి నిజంగ బాగుంటది, పొద్దున జావ, మధ్యాహ్నం మెత్తటి అన్నం పప్పు, పండ్లు లేనోళ్లకు కూర విడిగ మెత్తగ చేసి పెడతరు. పగలు ఉండే ఆయమ్మ ఒకామె ఉంది, ఆమె అమ్మకు తినిపిస్తుంటె చూసి నేనే నేర్చుకున్న. ముందు మంచం తలాపు దిక్కు లేపి, వీపు వెనక రెండు మెత్తలు పెట్టి సక్కగ కూసోబెడతది, చిన్న చెంచతోటి పెట్టి మింగిందా లేదా అని గొంతు దిక్కు చూస్తది, పెట్టింది పక్షవాతం వచ్చిన దిక్కు బుగ్గల మిగిలిందేమోనని వేలుతోటి తీసి చూసినంకనే రెండో చెంచ. తిన్నంక కూడా అర్ధగంట దాక పండవెట్టనియ్యదు. "అన్నా, పండవెట్టి నీళ్లు పోస్తె ఊపిరితిత్తులల్లకు పోతయి, తర్వాత నిమోనియా అంటరు, ఎందుకు మనకు" అన్నది. పక్షవాతం వచ్చినోళ్లకు ఈ ఒక్క పని సక్కగ చేస్తె సగం జబ్బులు దగ్గరికి రావు. ఆమె చదివింది ఏడో తరగతే, ఆమె చేతి కింద ఉన్నన్ని రోజులు అమ్మకు పొలమారింది లేదు. ఆమె జీతం ఎంతో తెలిసినప్పుడు మాత్రం నాకు చానా బాధైంది, ఇంత పని చేసే మనిషికి అంత తక్కువనా అని.

ఇగ రాత్రి. రెండు అంతస్తులల్ల ఉన్న అందరికీ కలిపి రాత్రి ఒక్కతే ఆయమ్మ. గేటు కాడ వాచ్‌మెన్ ఉంటడు గానీ ఆయన లోపలికి రాడు. నర్సు పగలే. ఒక్క మనిషి అంతమందికి డైపర్లు మార్చాలె, నీళ్లు తాపాలె, లేసి బాత్రూంకు పోతమనేటోళ్లను పట్టుకోవాలె, మంచం మీదున్నోళ్లను పక్కకు తిప్పాలె... ఎట్లయితది చెప్పున్రి? కాదు. అందుకని తిప్పుడు బంద్ అయితది.

మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలె, ఇది ఏ డాక్టరైనా చెప్తడు. మా అమ్మ సంగతి ఇంకా వేరు, నడుం వంగి ఉండేసరికి వెల్లకిల పండవెడితె బరువంతా ఉబ్బిన వెన్నుపూస మీద, ముడ్డిపూస మీద పడతది. మెడ ఆనదు, దాని కింద మెత్త లేకుంటె తల గాలిలనే ఉంటది. తిప్పుడు కూడా ఒక్కరితోటి కాదు, బిగుసుకపోయిన మనిషిని ఒక్కరు గుంజితె భుజం నొస్తది, ఇద్దరు కలిసి దుప్పటితోటి సహా తిప్పాలె. ఒక ఆదివారం నేను పోయి స్నానం చేపించేటప్పుడు చూస్తె ముడ్డిపూస మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. వేలుతోటి ఒత్తితె మామూలుగ తెల్లబడి మళ్ల ఎర్రబడాలె, ఇది తెల్లబడలే. అంటె బెడ్ సోర్, కదలకుండ పండుకుంటె పడే పుండు, మొదలైనట్టే. దాని మీద పౌడర్ కొట్టి పెట్టిన్రు, పౌడర్‌తోటి ఏం కాదు, బరువు తీసేస్తెనే మానుతది.

మంచానికి ఒక అట్ట కట్టి చార్ట్ ఉంటది, ఏ టైంకు ఏ పక్కకు తిప్పిన్రో రాస్తరు. అది తీసి చూసిన. నేను పోయింది సాయంత్రం, ఇంకా దీపం కూడా పెట్టలే, చార్ట్‌ల రాత్రి 2 గంటల గడి దాక టిక్కులు పడి ఉన్నయి! ఒకటే పెన్ను, ఒకటే చెయ్యి. ఫోటో తీసుకొని మేనేజర్ సార్ కాడికి పోయిన. ఆయన "వయసు మీద పడ్డంక ఇవన్నీ అయితయి సార్, మా తప్పేం లేదు" అన్నడు. కోపం ఆపుకోలేకపోయిన. ఆ రాత్రి ఆయమ్మను అనుడు కూడా న్యాయం కాదు, ఆమె మీద మోపింది ఇద్దరు ముగ్గురు చేసే పని, ఆ టిక్కులు కొట్టమని పైనోళ్లే చెప్పి ఉంటరని నా అనుమానం. ఆ మచ్చ పుండై, మానేసరికి నెలలు పట్టింది, రోజూ డ్రెస్సింగ్, తినేటందుకు కోడిగుడ్లు, ఎయిర్ బెడ్, ఖర్చంతా మాదే. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పుడు తప్పదని అక్కడ ఒక్కరు కూడా చెప్పలే, డ్రెస్సింగ్‌కు వచ్చిన నర్సు చెప్పింది.

ఇంకొకటి, గోలీల సంగతి. మధ్యల కొన్ని రోజులు అమ్మ పొద్దెక్కినా కండ్లు తెరుస్తలేదు, మాట ముద్దముద్దగ వస్తుంది. మందుల డబ్బ తీసి చూస్తె మా డాక్టర్ రాయని నిద్రగోలి స్ట్రిప్ కనవడ్డది, "రాత్రి అరుస్తది సార్, పక్కోళ్లకు నిద్ర ఉండదు" అన్నరు. నిద్రగోలీ వేస్తె మత్తుల మింగుడు పోతది, లేవబోయి పడతరు, బరువంతా కదలకుండ ఒక్క చోటనే ఉంటది. ఎందుకు అరుస్తుందో ఎవ్వరూ చూడలే, మూత్రం టెస్ట్ చేపిస్తె ఇన్ఫెక్షన్ ఉండె! ముసలోళ్లకు మూత్రంల ఇన్ఫెక్షన్ వస్తె జ్వరం లేకున్నా మనసు కలవరపడి ఏదో మాట్లాడతరు, వయసుతోటి మతి పోయిందని అనుకుంటరు. మందు వాడితె నాలుగైదు రోజులల్ల సాఫైంది. షుగర్ గోలీ కూడా అంతే, కొన్ని గోలీలు వేసి తిండి పెట్టకుంటె షుగర్ ఒక్కసారే పడిపోతది, నేను డబ్బ మీద మార్కర్‌తోటి పెద్దగ రాసిపెట్టిన, "తిన్నంకనే" అని.

పక్క రూంల ఒక పెద్దాయనను రాత్రి లేవకుండ కుర్చీకి చున్నీతోటి కట్టి కూసోబెట్టుడు చూసిన. "పడతడు సార్" అంటరు. కట్టేస్తె గుంజుకొని గుంజుకొని ఇంకా పడతరు, లేదంటె నడిచే మనిషి నెలరోజులల్ల నడక మర్చిపోతడు. బాత్రూంల పట్టుకునే రాడ్లు, జారని టైల్స్, రాత్రి సన్న లైటు, ఈ మూడు ఉంటె చానావరకు కట్టే అవసరం రాదు. రాడ్లు చానా అడిగితె కిందంతస్తుల పెట్టిచ్చిన్రు, పైన ఇంకా లేవు.

రాత్రి మెట్ల కాడ గ్రిల్‌కు తాళం వేస్తరు, తాళంచెవి వాచ్‌మెన్ కాడ ఉంటది. షార్ట్ సర్క్యూట్ అయితె పైనున్నోళ్లు ఎట్ల దిగాలె? దీని మీద నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలే. ఎండాకాలం మన నల్గొండల 44, 45 దాక పోతది, పై అంతస్తు పొయ్యి లెక్క కాలుతది, ముసలోళ్లకు దాహం తెల్వదు కాబట్టి అడిగేదాక ఉండకుండ మనమే తాపాలె. ఇది మాత్రం వాళ్లు బాగ చేస్తరు, మే నెలంతా మజ్జిగ బకెట్ పట్టుకొని తిరుగుతరు.

ఎక్కడైనా చేర్చేముందు గార్డెన్, టీవీ హాల్ కాదు చూడాల్సింది. రాత్రి తొమ్మిది తర్వాత చెప్పకుండ పోయి ఎంతమంది డ్యూటీల ఉన్నరో లెక్కపెట్టున్రి, బయటోళ్లను రానియ్యం అంటె అక్కడికే సగం జవాబు వచ్చినట్టు. చేర్చినంక వారానికొకసారి స్నానం మీరే చేపియ్యున్రి, వీపు, మడిమెలు, తుంటి మీ కండ్లతోటి చూసుకోవాలె. ఇబ్బంది పెడుతున్నరని అనిపిస్తె పెద్దోళ్ల కోసం 14567 ఎల్డర్ లైన్ అనే ఫోన్ నంబర్ ఉంది, పైసలు పడవు, నేను చేసిన, ఓపికగ విన్నరు. పిల్లలు చూస్తలేరని బాధపడే పెద్దోళ్లకు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో కాడ ట్రిబ్యునల్ కూడా ఉంది, లాయర్ లేకుండనే అర్జీ పెట్టుకోవచ్చు, మన దిక్కు చానామందికి తెల్వదు.

చార్ట్ ఫోటో చూపిచ్చి గట్టిగ అడిగినంక అమ్మను కిందికి మార్చిన్రు, అక్కడ రాత్రి పది గంటల దాక రెండో ఆయమ్మ ఉంటుంది. పుండు మళ్ల రాలే. నడిచేటోళ్లకైతె ఈ ఆశ్రమం నిశ్చింతగ చెప్త, మంచాన ఉన్నోళ్లకు ఇప్పుడైతె చెప్పను. వచ్చే నెల నుంచి ఇంకో 2,000 పెంచుతమన్నరు. రాత్రంతా ఇద్దరు ఆయమ్మలను పెడతమని రాసిస్తెనే ఇస్తనన్న, కిందంతస్తుల ఉన్నోళ్ల పిల్లలు ఇంకొంతమంది కూడా అదే మాట మీద ఉన్నరు. మేనేజర్ సార్ ఓనర్‌ను అడిగి చెప్తనన్నడు, ఇంకా చెప్పలే.