అభయారణ్యమా, గ్రామసభా? తూర్పు కనుమల బల్లులకి ఏది మేలు

మొన్నామధ్య నలుగురం కలిసి ఒక అర్జీ రాయడానికి కూర్చున్నాం. అరకు, అనంతగిరి వైపు ఎత్తు కొండల మీద మాత్రమే బతికే బల్లులకీ నలికిరిలకీ రక్షణ కావాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఏం కావాలని అడగాలి అన్న దగ్గరే తగువొచ్చింది. ఒకాయన అభయారణ్యం అన్నాడు, ఒకామె జీవవైవిధ్య వారసత్వ స్థలం అంది, నేను గ్రామసభకి సామాజిక అటవీ హక్కు అన్నాను. మూడు విడతల టీ అయ్యాక కూడా అర్జీ మొదటి పేరా దాటలేదు. అప్పట్నుంచి, కొండల్లో నడకకి ఎవర్ని తీసుకెళ్ళినా తిరిగొచ్చేటప్పుడు ఈ ప్రశ్నే అడుగుతున్నారు: "అభయారణ్యం ప్రకటించేస్తే సరిపోదా అండీ?" ప్రతిసారీ సగం సగం చెప్పి వదిలేస్తున్నాను కాబట్టి ఒకసారి పూర్తిగా రాద్దామనిపించింది.

ముందుగా, మనం ఏ జంతువుల గురించి మాట్లాడుతున్నామో చూడాలి. పులికి మేలు చేసేది బల్లికీ మేలు చేస్తుందనుకోవడంతోనే సగం పొరపాటు మొదలవుతుంది.

బల్లి మీద పడితే దోషం పోవడానికి కంచి వెళ్ళి బంగారు బల్లిని తాకి వస్తాం. నిజం బంగారు బల్లి తిరుమల కొండల్లోనూ ఉందని ఆ తాకి వచ్చేవాళ్ళలో ఎంతమందికి తెలుసో! 1870లో బెడ్డోమ్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మద్రాసు అటవీశాఖలో పనిచేసిన కల్నల్ ఆయన. తరవాత చాలాకాలం దీని ఊసే లేదు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు మళ్ళీ కనిపెట్టారు. దీని ప్రజాతిలో ప్రపంచం మొత్తానికి రెండే జాతులు. ఒకటి మనది, రెండోది శ్రీలంకది. రాత్రిళ్ళు తిరుగుతుంది, పగలు బండల నెర్రెల్లో ఉంటుంది. వాగుల పక్కన నీడపట్టున ఉండే రాళ్ళంటే ఇష్టం. చాలా ఆడ బల్లులు ఒకే రాతి గోడకి గుడ్లు అంటించి పెడతాయి. అలాంటి గోడ ఒకటి పోయిందంటే పోయింది ఒక బల్లి కాపురం కాదు, వీధి వీధంతా.

రెండోది జయపురం నేల బల్లి. 1877లో ఇప్పటి కోరాపుట్ జిల్లా పొట్టంగి కొండ మీద దొరికిన ఒకే ఒక్క నమూనాతో కొత్త జాతిగా వర్ణించింది కూడా బెడ్డోమే. ఆ తరవాత నూట ముప్పై ఏళ్ళ పైచిలుకు ఎవరికీ కనిపించలేదు. 2010 ప్రాంతంలో పరిశోధకులు మన గాలికొండ మీదా, ఒడిశాలో దేవమాలి మీదా మళ్ళీ చూశారు. దీని వేళ్ళకి గోడలు పాకే మెత్తలు ఉండవు. నేల మీదే, రాళ్ళ కిందా రాలిన ఆకుల్లోనూ తిరుగుతుంది.

మూడోది మచ్చల నలికిరి. చిన్న చిన్న కాళ్ళతో సాగిన ఒళ్ళు, చూసినవాడు పామనే అనుకుంటాడు. 1870లో వర్ణించినప్పుడు దొరికిన చోటు "గోల్కొండ కొండలు" అని రాశారు. అది హైదరాబాదు గోల్కొండ కాదు, విశాఖపట్నం దగ్గరి కొండలు. ఈ పేరు చూసి కుతుబ్‌షాహీల కోట చుట్టూ రాళ్ళు తిరగేద్దామనుకున్న కుర్రాడొకడు నాకు తెలుసు. ఇదీ నూరేళ్ళకి పైగా కనిపించకుండా పోయి, ఈమధ్యే మళ్ళీ దొరికింది.

ఈ మూడింటికీ కలిసే సంగతి ఒకటుంది. వీటికి అడవి అంటే వందల చదరపు కిలోమీటర్లు కాదు. ఒక రాయి, దాని కింది చెమ్మ, దాని మీది నీడ. పులి రాత్రికి పాతిక కిలోమీటర్లు నడిచి ఇంకో లోయకి పోగలదు, నేల బల్లి పోలేదు. అందుకని ఏ రక్షణ మేలో తేల్చడానికి నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఆ రాయిని కదిపే అధికారం చివరికి ఎవరి చేతిలో ఉంటుంది?

ఈ ప్రశ్నకి అభయారణ్యం, జాతీయ పార్కుల దగ్గర గట్టి జవాబే ఉంది, ఒప్పుకోవాలి. వన్యప్రాణి చట్టం కింద ఒకసారి గీత గీశాక దాన్ని చెరపడం తేలిక కాదు. లోపల గనుల తవ్వకం కుదరదు. జాతీయ పార్కుకీ అభయారణ్యానికీ హద్దు నుంచి ఒక కిలోమీటరు లోపల కూడా గనులు వద్దని సుప్రీంకోర్టు 2023లో మళ్ళీ చెప్పింది. శేషాచలంలో ఈ పద్ధతి బాగానే నడిచిందని నా అభిప్రాయం. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు 1989 నుంచి ఉంది. దాని చుట్టూ 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు వచ్చింది. సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు, మన రాష్ట్రంలో మొదటిది. బంగారు బల్లి వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉండే షెడ్యూల్ ఒకటిలోకి కూడా ఎక్కింది. ఘాట్ రోడ్లు, లక్షల జనం, ఎర్రచందనం గొడవలు ఇన్ని ఉన్నా బండ మాత్రం బండగానే ఉంది. 2014 మార్చిలో ఆ కొండల్లో పెద్ద కార్చిచ్చు వచ్చి హెలికాప్టర్లు దింపాల్సి వచ్చింది. లోతు నెర్రెలో దాక్కునే బల్లికి కార్చిచ్చు దాటిపోయే వీలుంటుంది. ఆకుల కింద బతికేదానికి ఆ వీలు లేదు. అదే నేల బల్లి అయితే ఆ వేసవితో కథ అయిపోయేది.

మరి ఇదే పద్ధతి ఉత్తరాన ఎందుకు పెట్టకూడదు? ఇక్కడే నా మనసు మారింది.

పటం ముందు పెట్టుకుని చూడండి. విశాఖ నగరం అంచున కంబాలకొండ అభయారణ్యం ఉంది. గోదావరి దగ్గర పాపికొండలు జాతీయ పార్కు ఉంది. అరకు, అనంతగిరి, చింతపల్లి ఎత్తు కొండలు రెంటికీ బయటే. అంటే నేల బల్లి మన వైపు ఉన్న చోట ఇన్నాళ్ళూ అభయారణ్యమనే గీత లేనే లేదు. అయినా గాలికొండ ఇంకా నిలబడే ఉంది. ఎవరు నిలబెట్టారు?

గాలికొండ బాక్సైట్ కొండ. తూర్పు కనుమల్లో బాక్సైట్ పాతాళంలో ఉండదు. కొండ నెత్తి మీద టోపీ పెట్టినట్టు పైపొరలోనే ఉంటుంది. నేల బల్లి దొరికిందీ ఆ ఎత్తుల్లోనే. గని వాళ్ళకి కావలసిన పొరా, బల్లికి కావలసిన పొరా ఒకటే అన్నమాట. ఇంత సూటిగా ఎదురెదురు పడే జత ఇంకోటి నాకు తెలియదు. అలాంటి కొండ ఇన్నేళ్ళు మిగలడానికి కారణం వన్యప్రాణి చట్టం కాదు. ఇది అయిదో షెడ్యూల్ ప్రాంతం, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. అనంతగిరి మండలంలోనే, బొర్రా చుట్టుపక్కల గని లీజుల మీద నడిచిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు గిరిజన ప్రాంతాల్లో ప్రైవేటు గనులకి లీజులు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. 2015లో చింతపల్లి వైపు జెర్రెల బాక్సైట్ కోసం 1,212 హెక్టార్ల అడవిని అప్పగిస్తూ 97వ నంబరు జీవో వచ్చినప్పుడు ఏజెన్సీ అంతా కదిలింది, 2019లో అది రద్దయింది. ఆ ఊరేగింపుల్లో ఒక్క ప్లకార్డు మీద కూడా బల్లి బొమ్మ ఉండి ఉండదు. బల్లికి కావలసిన పని మాత్రం జరిగింది.

కొండకి అవతలి వైపు, ఒడిశాలోని నియమగిరి ఇంకా పెద్ద సాక్ష్యం. బంగారు బల్లి అక్కడా ఉంది. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలింది. ఆ వేసవి దాటాక రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. అక్కడి గిరిజనులు డోంగ్రియా కొందులకి అది దేవుడి కొండ, అంతే. బల్లుల లెక్క వాళ్ళు అడగలేదు, మనమూ చెప్పలేదు.

2006 అటవీ హక్కుల చట్టంలో జనానికి తెలిసింది పోడు పట్టాల భాగం. దాని పక్కనే సామాజిక అటవీ హక్కు ఉంది. ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని కాపాడే, నడిపే హక్కు ఊరిదే. అయిదో సెక్షన్ అయితే వన్యప్రాణినీ జీవవైవిధ్యాన్నీ కాపాడే అధికారాన్ని గ్రామసభకి పేరుపెట్టి ఇచ్చింది. అది కాగితం మీద పడితే రాయి కదపాలన్నవాడు ముందు ఊరిని అడగాలి. ఆ ఊరి గడప కొండ కిందే ఉంది. రాజధానిలో ఉండే కమిటీకి ఆ కొండ ఫైలు మీద ఒక పేరు, వీళ్ళకి ఊట నీళ్ళు.

ఇప్పుడు అక్కడ అభయారణ్యం అడిగామనుకోండి. హక్కుల విచారణ మొదలవుతుంది. మేకలు ఎక్కడిదాకా రావచ్చు, అడ్డాకులు ఎవరు కోయొచ్చు, కాఫీ మొక్కలు ఎవరివి. ఏళ్ళు పడుతుంది. ఇన్నాళ్ళూ గనికి అడ్డు నిలబడ్డవాళ్ళు "మమ్మల్ని ఖాళీ చేయిస్తారా?" అన్న టెన్షన్‌తో మనకే అడ్డు నిలబడతారు. వాళ్ళ భయం ఉత్తిది కూడా కాదు, పులుల పేరు మీద ఊళ్ళు లేపిన సంగతులు వాళ్ళూ విన్నారు. కొండకి కాపలా ఉన్నవాణ్ణి పగవాణ్ణి చేసుకుని కొండని కాపాడతాం అనడం నాకు మింగుడుపడదు.

గ్రామసభ దారిలో లోటు లేదా అంటే ఉంది, దాన్ని దాచను. పోడుకి పెట్టే నిప్పు నేల బల్లికి యముడే. నలికిరి కనిపిస్తే పామని కొట్టేస్తారు. రోడ్డు, రిసార్టు, నీళ్ళు కొండెక్కించి కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఏదొచ్చినా గ్రామసభ తీర్మానాన్ని కాగితం మీద పుట్టించడం మనవాళ్ళకి చేతకాని విద్యేమీ కాదు. పైగా ఊరు ఇవాళ వద్దన్నది పదేళ్ళ తరవాత సరే అనొచ్చు. పార్కు హద్దుకి ఆ బెడద తక్కువ. అయినా నిప్పు సంగతి ఊళ్ళో కూర్చుని మాట్లాడొచ్చు. నీడ కాఫీ పెరిగిన చోట ఆ మాట తేలిగ్గా ఎక్కుతుంది, కాఫీవాడికీ నిప్పు శత్రువే. కాఫీ తోట అడవి కాదు, వెండి ఓకు చెట్టు మన అడవి చెట్టూ కాదు. కాకపోతే నీడ ఉంటుంది, ఆకు రాలుతుంది, రాయి ఉన్నచోట ఉంటుంది. గని గోతిలో ఈ మూడూ ఉండవు.

ఇక మా మిత్రురాలు చెప్పిన వారసత్వ స్థలం. 2002 జీవవైవిధ్య చట్టం 37వ సెక్షన్ కింద స్థానిక సంస్థలతో మాట్లాడి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఒక్క కొండనీ ఒక్క లోయనీ కూడా ప్రకటించొచ్చు, అది బల్లులకి సరిపోయే కొలత. జనం మీద వాళ్ళు ఒప్పుకోని ఆంక్షలు పెట్టదు, అదీ మంచిదే. ఒడిశావాళ్ళు కంధమాల్‌లో మందసరు లోయని, తరవాత మహేంద్రగిరిని ఇలా ప్రకటించుకున్నారు. నా అనుమానం దాని పళ్ళ గురించి. 2016లో హైదరాబాదు పక్కనున్న అమీన్‌పూర్ చెరువుకి ఇదే హోదా వచ్చింది. చుట్టూ ఆక్రమణల వార్తలు ఆగలేదు. గౌరవం ఇచ్చే హోదా వేరు, అడ్డుపడే హోదా వేరు. గ్రామసభ హక్కు చేతికొచ్చాక దాని మీద ఈ బోర్డు పెడితే అందంగా ఉంటుంది. బోర్డు ముందు, హక్కు తరవాత అంటే మాత్రం నేను సంతకం పెట్టను.

బోనుల్లో పెంచి వదలడం గురించి కూడా అడుగుతారు. 1975లో మొదలైన మొసళ్ళ పథకం ఘరియాల్‌ని నిలబెట్టింది, నిజమే. అక్కడ నది మిగిలింది, మొసలి తగ్గింది. ఇక్కడ కొండ పోతే పెంచిన బల్లిని ఎక్కడ వదులుతారు? షెడ్యూల్లో పేరు చేర్చడం మంచిదే, ఖర్చులేని పని. పట్టుకున్నవాడికి శిక్ష పడుతుంది. బల్లిని ఒక్కసారీ ముట్టుకోకుండా కొండని పిండి చేసేవాడికి దానివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు.

నల్లమల వైపు వాళ్ళు "మా సంగతేంటి?" అంటారు. నాగార్జున కొండ దగ్గర 1969లో ఒక నలికిరిని, 1976లో ఒక పాముని శర్మ అనే జంతుశాస్త్రవేత్త వర్ణించారు. పక్కనే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. అక్కడ కొత్తగా ఏమీ అడగనక్కర్లేదు, ఉన్నదాన్లో రాళ్ళ జోలికి వెళ్ళకుండా చూసుకుంటే చాలు.

అర్జీ చివరికి ఇలా తేలింది. శేషాచలం ఊసెత్తలేదు. అనంతగిరి కొండలకి మొదటి కోరికగా సామాజిక అటవీ హక్కు పత్రాలు, రెండోదిగా ఊళ్ళు ఒప్పుకుంటేనే వారసత్వ స్థలం. అభయారణ్యం అన్న మిత్రుడు సంతకం పెట్టాడు గానీ, కింద పెన్నుతో చిన్న అక్షరాల్లో "అభయారణ్యం అయితే ఇంకా మంచిది" అని రాశాడు. కొట్టేయకుండా అలాగే పంపించాం.