మిర్యాలగూడ ఎండల్లో మూడేళ్లు ఆర్‌టీఎక్స్ 3060: సెట్టింగ్స్ తగ్గించినా కార్డు చల్లబడలేదెందుకు

2022 దసరా అయిపోయాక సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి పోయి తెచ్చుకున్న గ్రాఫిక్స్ కార్డు (పీసీలో గేముల బొమ్మలు గీసే భాగం) ఇది. ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ, రెండు ఫ్యాన్లది. కొన్న వారానికే రాసేసిన రివ్యూలు బోలెడున్నాయి, అవన్నీ దాదాపు ఏసీ గదుల్లో చేసినవే. మాది మిర్యాలగూడ, నా పీసీ ఉండేది మేడ మీద రేకుల గదిలో, మే నెల మధ్యాహ్నం ఆ గదిలో గోడ థర్మామీటర్ 41 చూపిస్తుంది. అట్లాంటి చోట ఇది మూడు ఎండాకాలాలు దాటింది కాబట్టి నేను చెప్పేది ఆ లెక్కన చదవండి.

మొదటి ఎండాకాలం, అంటే 2023 ఏప్రిల్‌లో, సైబర్‌పంక్ 2077 ఆడుతుంటే కార్డు 83 డిగ్రీలకు పోయి అక్కడే కూర్చుంది. 3060కి మామూలుగా పెట్టి ఉండే హద్దు అదే, అది దాటబోతుంటే కార్డు తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. ఎన్విడియా చెప్పే గరిష్ఠం 93, కాబట్టి వెంటనే కాలిపోయేదేమీ లేదు, కానీ ఫ్యాన్లు వరికోత మిషన్ లెక్క మోగుతుంటే మనసు ఊరుకోదు కదా. మా అమ్మ పైకొచ్చి డబ్బా వెనక చెయ్యి పెట్టి చూసి, "గిదేందిరా, పొయ్యి లెక్క కాలుతున్నది, దీని ఎనుక సల్ల మిరపకాయలు పెడితె రెండు రోజుల్ల ఎండుతయ్" అని పోయింది. తప్పేం లేదు ఆమె మాటలో. 3060 పూర్తిగా పనిచేస్తే 170 వాట్లు తింటుంది, తిన్నదంతా వేడిగానే బయటికి వస్తుంది. పాత 60 వాట్ల బల్బులు మూడు రేకుల గదిలో పగలంతా వేసుకుని కూర్చున్నట్టే.

అందరూ చేసేదే నేనూ చేశాను, గేమ్‌లో గ్రాఫిక్స్ సెట్టింగ్‌ను 'హై' నుంచి 'లో'కి దించాను. బొమ్మ పాడైంది, వేడి మాత్రం ఒక్క డిగ్రీ తగ్గింది. వారం రోజులు కార్డే చెడిపోయిందేమో అని టెన్షన్ పడ్డాను. తర్వాత ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు అంకెలన్నీ స్క్రీన్ మూలకు పెట్టుకుని చూస్తే అసలు సంగతి అర్థమైంది. 'హై'లో సెకనుకు 65 ఫ్రేములు (కార్డు గీసే బొమ్మలు) వచ్చేవి, 'లో'లో వందకు దగ్గర్లో వస్తున్నాయి, కార్డు వాడకం రెండింట్లోనూ 99 శాతమే. నా మానిటరేమో 75 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 75 ఫ్రేములే చూపిస్తుంది. తూము బార్లా తెరిచిపెట్టి మడి చిన్నది చేస్తే నీళ్లు తగ్గుతాయా, పక్క మడిలోకి పోతాయి. అట్లా మనం సెట్టింగ్ తగ్గించి మిగిల్చిన శక్తినంతా కార్డు ఎక్కువ ఫ్రేములు గీయడానికి పెట్టేస్తుంది, ఎవరూ చూడని ఫ్రేములు.

కాబట్టి ముందు చేయాల్సింది తూము కట్టడం. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 60 పెట్టాను. అప్పుడు సెట్టింగ్స్ తగ్గిస్తే నిజంగానే వాట్లు దిగాయి. అదే సైబర్‌పంక్‌లో డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ పెడితే (1080పీ మానిటర్ మీద అది లోపల 720పీలో గీసి పెద్దది చేస్తుంది) కార్డు వాడకం 95 నుంచి 70 దగ్గరికి వచ్చింది, వేడి 83 నుంచి 75కి. రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే బరువైన సెట్టింగ్) మా గదిలో మార్చి నుంచి జూన్ దాకా బంద్. స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్ (ప్రతిబింబాలు), వాల్యూమెట్రిక్ ఫాగ్ (పొగమంచు), నీడలు, ఈ మూడూ ఒక్కో మెట్టు దించినా ఆటలో నాకైతే తేడా కనబడలేదు, వాట్లలో కనబడింది. జీటీఏ 5లో అయితే ఎంఎస్ఏఏ (అంచులు నునుపు చేసే సెట్టింగ్), గడ్డి సెట్టింగ్, ఈ రెండే అసలు దొంగలు. కొండల వైపు గడ్డిలోకి బండి తోలగానే ఫ్యాన్ల చప్పుడు మారేది. టెక్స్చర్లను (వస్తువుల మీద అతికించే బొమ్మలు) మాత్రం ముట్టుకోకండి, అవి మెమరీలో చోటు అడుగుతాయి గానీ పెద్దగా వేడి పెంచవు, 12 జీబీ ఉన్నది అందుకే.

మెనూలు ఇంకో మోసం. మా తమ్ముడు వాలరెంట్ గేమ్ తెరిచి ఫోన్ మాట్లాడుతూ కూర్చుంటాడు, ఖాళీ మెనూకే ఫ్యాన్లు లేచేవి. అందులో మెనూలకు వేరుగా, గేమ్‌ను వెనక్కి పెట్టినప్పుడు వేరుగా ఫ్రేముల హద్దు పెట్టుకునే వీలుంది, రెండూ 30 చేసి ఊరుకున్నాను. 2021లో న్యూ వరల్డ్ అనే గేమ్ బీటాలో (విడుదలకు ముందు ట్రయల్) కొందరి ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు పోయాయని గోల అయినప్పుడు కూడా మెనూ ఫ్రేముల మీదే చర్చ నడిచింది. ఆ కార్డుల్లో సోల్డరింగ్ లోపం ఉందని తర్వాత వాటిని తయారుచేసిన ఈవీజీఏ కంపెనీయే చెప్పింది, అది వేరే సంగతి.

ఇక నాకు అన్నిటికంటే పనికొచ్చింది అండర్‌వోల్ట్, అంటే కార్డుకిచ్చే వోల్టేజ్ తగ్గించడం. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్ ఎఫ్ నొక్కితే వోల్టేజ్ గీత వస్తుంది, 875 మిల్లీవోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్జ్ పెట్టి అక్కడి నుంచి గీతను చదును చేశాను. ఆశకు పోయి ముందు 800 దగ్గర పెడితే పది నిమిషాల్లో గేమ్ మూసుకుపోయింది, కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చాను. పూర్తి లోడ్‌లో 165 వాట్లు తినేది 125కి దిగింది, ఫ్రేములు పోయింది రెండో మూడో. ఇదంతా తలనొప్పి అనుకుంటే పవర్ లిమిట్ గీతను 75 శాతానికి జరపండి, సగం లాభం ఒక్క నిమిషంలో వస్తుంది. మా ఇంట్లో దీనికి ఇంకో లాభం కూడా, కరెంటు పోయినప్పుడు చిన్న యూపీఎస్ మీద సేవ్ చేసుకుని ఆపేంత టైం దొరుకుతుంది.

ఊరి సంగతి చెప్పకుండా ఈ రివ్యూ పూర్తి కాదు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల బూడిద మేడల మీద పడుతుందని ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, ఆరేసిన తెల్ల చొక్కాని అడిగినా చెబుతుంది. మొదటిసారి ముందువైపు ఫిల్టర్ ఊడదీస్తే బూడిద రంగు దుప్పటి ముక్కలా ఒకే పొరగా లేచి వచ్చింది, మధ్యలో ఊక నలుసులు. అప్పటి నుంచి నెలకోసారి ఫిల్టర్, మూడు నెలలకోసారి బ్లోయర్. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, వదిలేస్తే బొంగరంలా తిరిగి బేరింగ్ పాడవుతుంది. పక్క అద్దం తీసేస్తే ఐదు డిగ్రీలు తగ్గుతుంది నిజమే, కానీ మా ఊళ్లో ఆ పని చేస్తే పది రోజుల్లో లోపలంతా బూడిదే. కూలర్ గాలి నేరుగా పీసీ మీదికి పెట్టడం కూడా చేసి చూశాను, ఒకరోజు అద్దం మీద తేమ కనబడేసరికి భయపడి మానేశాను. ఇప్పుడు కూలర్ కిటికీలో, పీసీ ఎదురు మూలలో. గది ఆరేడు డిగ్రీలు దిగితే కార్డు కూడా ఇంచుమించు అంతే దిగుతుంది.

మూడో ఎండాకాలంలో ఇవేవీ పనిచేయలేదు. కార్డు మామూలు వేడికి, హాట్‌స్పాట్‌కి (చిప్‌లో అన్నిటికంటే ఎక్కువ కాలే చోటు) మధ్య కొత్తలో 12 డిగ్రీల తేడా ఉండేది, 24 అయింది. వారంటీ ఉంది కదా అని హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు బస్సులో మోసుకుపోతే, హద్దులోపే ఉంది, అంతా నార్మలే అని రెండు వారాల తర్వాత అట్లాగే తిప్పి ఇచ్చారు. ఫిల్టర్ బూడిద కూడా తుడవలేదు. నేనే విప్పుదామంటే స్క్రూ మీద స్టిక్కర్, చింపితే వారంటీ పోతుందట. దసరాకు వారంటీ అయిపోయిన తెల్లారే విప్పాను. చిప్ వేడిని కూలర్‌కు అందించే థర్మల్ పేస్టు ఎండిన సున్నంలా పెచ్చులు లేచిపోయింది. స్పిరిట్‌తో తుడిచి కొత్త పేస్టు పెట్టాక తేడా 11కి వచ్చింది.

కార్డు మీద నాకు కోపం లేదు. 1080పీకి ఇప్పటికీ సరిపోతుంది. కుడివైపు ఫ్యాన్ మాత్రం పొద్దున ఆన్ చేయగానే ఓ నిమిషం గరగరమంటుంది, మార్చిలోపు దాన్ని మార్చాలి.